తోయర్ తాత నల్ల చొక్కా

"నీకు దణ్ణం పెడతాను నాన్నా, ఈ ఒక్క పూటకి ఆ నల్ల చొక్కా విప్పెయ్," అంది రువైదా.

తోయర్ కాలర్ సర్దుకుని టీవీ ఎదురుగా కుర్చీలో దిగబడ్డాడు. "నువ్వు దణ్ణం పెట్టినా విప్పను, దెబ్బలాడినా విప్పను. ఇవాళ నా జై న్యూజిలాండ్‌కే."

రువైదాకి ఒళ్ళు మండిపోయింది. ఇంకో పది నిమిషాల్లో సిడ్నీలో ప్రపంచ కప్పు రగ్బీ ఫైనల్ మొదలవుతుంది. దక్షిణాఫ్రికా ఆకుపచ్చ చొక్కా తొడుక్కుని దిగబోయే పదిహేను మందిలో ఆమె కొడుకు తష్రీక్ ఒకడు. కేప్‌టౌన్‌లో వాళ్ళుండే ఆథ్లోన్ పేటలో వీధి వీధంతా తెల్లారేసరికి ఆకుపచ్చ జెండాలు కట్టేసింది. ఆ పిల్లాడి సొంత తాత మాత్రం అవతలి జట్టు చొక్కాలో కూర్చున్నాడు.

పొద్దున్నే పిల్లాడు సిడ్నీ నుంచి ఫోన్ చేశాడు. "తాతా, ఈ ఒక్కసారికి నా పక్షాన ఉండవా?" అని బతిమాలాడు. "బాగా ఆడు. జై మాత్రం అడక్కు," అనేసి తోయర్ ఫోన్ కూతురి చేతిలో పెట్టాడు. ఆమె చెవిన పెట్టుకునేసరికి బిడ్డ అప్పటికే ఫోన్ పెట్టేశాడు. మనవడంటే ప్రేమ లేదా అంటే, అయిదో ఏట నుంచి వాడికి బంతి తన్నడం నేర్పింది ఈ ముసలాయనే. అదే ఆమెకి అర్థం కాదు.

పక్కింటి గదీజా వేడివేడి డాల్చీలు, అవే శనగపిండి పకోడీలు, పట్టుకుని లోపలికి వచ్చింది. రువైదా గోడ మీంచి ఒక బహుమతి పళ్ళెం దించి వాటిని అందులో పోసింది. కుర్రతనంలో తోయర్ ఆడిన రగ్బీ క్లబ్బు మూడుసార్లు ఫైనల్ ఆడి మూడు పళ్ళేలు తెచ్చుకుంది, అన్నీ రెండో బహుమతులే.

"ఏం తోయరన్నా, ఇవాళ కూడా కాకి వేషమేనా?" అంది గదీజా.

"నువ్వు చిలక వేషం కట్టావుగా, ఇంటికి ఒకటి చాలు."

"నవ్వులాటకి కాదన్నా. జట్టులో సగం మంది మన రంగు పిల్లలే. ఇంకా ఆ పాత పగ ఎందుకు?"

"పాతదా?" తోయర్ ఆమె వైపు తిరిగాడు. "న్యూలాండ్స్ మైదానంలో తెల్లవాళ్ళకి కుర్చీలు, మనకి మూలన కంచె. ఆ కంచె వెనకాల నిలబడి చూశావా నువ్వు? అప్పుడు నాకు పద్నాలుగేళ్ళు. అవతలి జట్టుకి చప్పట్లు కొట్టాడని మా నాన్న మీదకి పైమెట్ల మీంచి సీసా విసిరారు. నెత్తురు కారుతున్నా ఆయన చప్పట్లు ఆపలేదు. తర్వాత నేనెంత ఆడినా ఏం లాభం? నా ఒంటి రంగుకి ఆ ఆకుపచ్చ చొక్కా ఇచ్చారా?"

రువైదా ఈ మాటలు పుట్టినప్పటి నుంచీ వింటోంది. వాటిలో అబద్ధం లేదని ఆమెకి తెలుసు. ఆకుపచ్చ జట్టు ఎప్పుడు కప్పు తెచ్చినా వీధంతా బాణసంచా కాల్చింది, ఫైనల్లో అవతలి జట్టుకి జై కొట్టిన తన తండ్రి తలుపు గడియ వేసుకుని పడుకున్నాడు. అప్పుడు ఆమె పట్టించుకోలేదు. కానీ ఇవాళ మైదానంలో ఉన్నది తన కడుపున పుట్టినవాడు.

"ఒక్క మాట చెప్తున్నాను విను నాన్నా. ఇవాళ వాడు ఓడి, నువ్వు సంబరపడ్డావంటే, సాయంత్రానికి తమ్ముడింటికి వెళ్ళిపో. నా కొడుకు తిరిగొచ్చేసరికి నువ్వీ ఇంట్లో ఉండొద్దు."

"సరే," అన్నాడు తోయర్, టీవీ మీంచి చూపు తిప్పకుండానే.

ఆట మొదలైంది. న్యూజిలాండ్ పాయింట్లు కొట్టినప్పుడల్లా తోయర్ చప్పట్లు కొట్టాడు. అలా కొట్టినప్పుడల్లా రువైదా తలగుడ్డ బిగించుకుని వంటింట్లోకి పోయి వచ్చింది. డాల్చీలు చల్లారిపోయాయి. ఎవరూ ముట్టలేదు.

ఆఖరి నిమిషం వచ్చేసరికి దక్షిణాఫ్రికా రెండు పాయింట్లు వెనకబడి ఉంది. అప్పుడు పెనాల్టీ దొరికింది. బంతి స్తంభాల మధ్య నుంచి వెళితే మూడు పాయింట్లు, కప్పు మనది. వెళ్ళకపోతే అంతా అయిపోయినట్టే. తన్నడానికి బంతి నిలబెట్టి వెనక్కి నడుస్తున్నది తష్రీక్.

"యా అల్లా," అంటూ రువైదా గదీజా చెయ్యి పట్టుకుంది.

తోయర్ ఒక్క ఉదుటున లేచాడు. "న్యూజిలాండ్‌కి జై!" అని వీధి చివరికి వినబడేలా అరిచాడు. "న్యూజిలాండ్‌కే జై! న్యూజిలాండ్‌కే!"

"నీ నోరు పడిపోను!" అంది గదీజా.

రువైదా కళ్ళు మూసుకుంది. ఠంగుమని స్తంభానికి తగిలిన చప్పుడు టీవీలోంచి వినిపించింది. మరుక్షణం వీధి వీధంతా ఒక్క గొంతుతో కేక వేసింది. కళ్ళు తెరిచేసరికి బంతి స్తంభాల లోపలి వైపే పడి ఉంది. తష్రీక్ గడ్డి మీద మోకాళ్ళు ఆన్చి ఏడుస్తున్నాడు, తోటివాళ్ళు వాడి మీద పడి నలిపేస్తున్నారు. రువైదాకి గుండెల మీంచి బరువంతా దిగిపోయింది. గదీజాని వాటేసుకుని నవ్వింది, ఏడ్చింది, మళ్ళీ నవ్వింది.

అప్పుడు తండ్రి వైపు చూసింది. ఆయన కుర్చీలో కూలబడి ఉన్నాడు. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారి నల్ల చొక్కా తడిసిపోతోంది.

ఆమె సంతోషమంతా కోపంగా మారిపోయింది. "సొంత మనవడు గెలిస్తే ఏడుస్తున్నావా నాన్నా? వాడు బంతి ముందు నిలబడినప్పుడు కూడా వాళ్ళకే జై కొట్టడానికి నీకు మనసెలా ఒప్పింది?"

తోయర్ అరచేత్తో మొహం తుడుచుకున్నాడు. వెక్కిళ్ళ మధ్యే నవ్వుతూ కూతురి తల దగ్గరికి తీసుకున్నాడు.

"పిచ్చిదానా, ఫైనల్లో నేను జై కొట్టిన జట్టు ఏనాడైనా గెలిచిందా?"