గుక్క

ఆ మనిషి చీటీ అందించగానే గిటారిస్టు చదవకుండానే కింద సంతకం గీకేశాడు. చదివే ఓపిక అతనికి ఎప్పుడూ లేదు.

"తొమ్మిదింటికి రమ్మంటే పదింబావుకా రావడం? ఆ రెండు స్పీకర్లూ వేదిక మీదికి ఎక్కించు."

ఆ మనిషి సంతకం వంక అయోమయంగా చూశాడు. చీటీ మళ్ళీ చాపాడు.

"పెట్టానుగా సంతకం! ఎన్ని పెట్టమంటావయ్యా?"

నలభై ఏళ్ళుంటాయేమో. గుండీలన్నీ మెడదాకా బిగించుకున్నాడు. చొక్కా కొక్కేనికి తగిలించినట్టుంది ఒంటిమీద. కాసేపు నిలబడి, చీటీ మడిచి జేబులో పెట్టుకుని, స్పీకరు ఎత్తడానికి వంగాడు.

"నోట్లో నాలుక లేనట్టుంది, పాపం," అంది డ్రమ్ములు వాయించే అమ్మాయి.

"బరువు మోయడానికి నాలుకెందుకు?"

నిజానికి గిటారిస్టు చిరాకు ఆ మనిషి మీద కాదు. గుక్క మీద.

గుక్క ర్యాప్ పాడతాడు. అసలు పేరు వీళ్ళకి తెలియదు. గుక్క తిప్పుకోకుండా నలభై వరసలు అప్పజెప్పగలడు కాబట్టి ఆ పేరు. వీళ్ళదేమో మెటల్ బ్యాండు. గిటార్లు ఉరుముతుంటే పైన గొంతు చించుకునే బాపతు.

ఎనిమిది నెలల కిందట గుక్క ఒక ముక్క పాడి ఫోన్లో పంపాడు. గిటారిస్టు దానికి గిటారు కట్టి తిరిగి పంపాడు. అలా ఒకరి మొహం ఒకరు చూడకుండానే పాట పూర్తయింది. అంత మంచి పాట అంతకుముందు ఇద్దరికీ కుదర్లేదు.

ఈ సాయంత్రమే దాన్ని మొదటిసారి జనం ముందు వాయించాలి.

"రెండు నెలలుగా ఫోన్ చేస్తే ఎత్తడు. అన్నీ మెసేజీలే. నిన్నటిది చూడు."

అమ్మాయి చదివింది. 'రేపు తప్పకుండా వస్తాను. నా వంతు మాత్రం రికార్డే పెట్టండి. ఏమీ అనుకోవద్దు.'

"రికార్డు పెట్టి నోరు ఆడిస్తాడట! అదీ మన వేదిక మీద! ఎంత పొగరు!"

"రానీ అన్నా, వచ్చాక అడుగుదాం."

"వస్తేగా!"

స్పీకర్లు ఎక్కాయి. శబ్దం సరిచూడటానికి పాట ఒకసారి పెట్టారు. గుక్క గొంతు హాలంతా నిండిపోయింది. మాట వెనక మాట, మధ్యలో సూది దూరే సందు లేదు.

స్పీకర్లు మోసిన మనిషి ఉన్నచోటే నిలబడిపోయాడు. కళ్ళు మూసుకున్నాడు. పెదాలు కదులుతున్నాయి.

"ఏంటన్నా, బాబాయ్ గొణుక్కుంటున్నాడు?"

"స్పీకర్లు నెత్తిన పడకూడదని మొక్కుకుంటున్నాడేమో."

ఇద్దరూ నవ్వుకున్నారు.

పదకొండయింది. పన్నెండయింది. గుక్క ఫోను మోగుతోందే తప్ప ఎవరూ ఎత్తడం లేదు. ఆ మనిషి మాత్రం వెళ్ళలేదు. మూల కుర్చీలోంచి లేవబోవడం, జేబు మీద చెయ్యేసుకోవడం, గిటారిస్టు మొహం చూసి మళ్ళీ కూర్చోవడం.

పన్నెండున్నరకి గిటారిస్టుకి తిక్క రేగింది.

"వాడు రాడు. వాడి వంతు నేనే అరుస్తాను. వాడి గొంతు ఇక నా దగ్గర ఉండటానికి వీల్లేదు."

గుక్క పంపినవీ, తను తిరిగి పంపినవీ అన్నీ ఫోన్లోంచి తుడిచేశాడు. కంప్యూటర్లోవి కూడా తుడిచెయ్యడానికి దాని ముందు కూర్చున్నాడు.

"ఉంచన్నా. ఎప్పటికైనా పనికొస్తాయి."

"ఉంటే మనసు లాగుతుంది."

మీట నొక్కబోతుంటే ఎవరో అతని మణికట్టు పట్టుకున్నారు. ఆ మనిషే. నోరు తెరిచాడు. మాట పెగల్లేదు.

"మెషిన్ల మీద చెయ్యేస్తావా? అసలు నువ్వెవరివి?"

ఆ మనిషి రెండో చేత్తో జేబు తడుముకుంటున్నాడు. గిటారిస్టు అతన్ని భుజాలు పట్టి గుమ్మం దాకా నెట్టుకెళ్ళి, బయటికి తోసి గడియ పెట్టాడు. అమ్మాయి చూస్తూనే ఉంది. కానీ కూర్చున్నచోటి నుంచి లేవలేదు.

గిటారిస్టు తిరిగొచ్చి మీట నొక్కాడు. మళ్ళీ మనసు మారకుండా కంప్యూటర్లో చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాడు.

తలుపు మీద రెండుసార్లు చప్పుడైంది. తర్వాత ఆగిపోయింది.

ఒంటిగంటకి మళ్ళీ తలుపు చప్పుడైంది. అమ్మాయి గడియ తీస్తే ఇద్దరు మనుషులు చెమటలు తుడుచుకుంటూ లోపలికొచ్చారు.

"ఏమనుకోకండి సార్, దారిలో బండి ఆగిపోయింది. స్పీకర్లు మోయడానికి... అరె, ఎవరో ఎక్కించేశారే!"

గిటారిస్టు అమ్మాయి వంక చూశాడు. అంతలో ఫోను మోగింది. తెర మీద 'గుక్క' అని ఉంది.

"ఇప్పుడు గుర్తొచ్చామా? సిగ్గుండక్కర్లా..."

"అయ్యా, నేను ఆయన భార్యనండీ." ఆడగొంతు. "తొందరలో ఫోను ఇంట్లో మర్చిపోయి వెళ్ళారు. పని నుంచి ఇప్పుడే వచ్చి చూశాను, అన్నిసార్లు చేశారు. ఆయన పొద్దున్నే బయల్దేరారే, చేరలేదా?"

గిటారిస్టు తలుపు వైపు తిరిగాడు.

"చీటీ చూపించి ఉంటారు కదండీ? నేనే రాసిచ్చాను, గుక్క అంటే ఈయనే, మాట్లాడలేరని. గొంతుకి ఆపరేషనయ్యాక మనుషుల్లోకి వెళ్ళడమే మానేశారు. మీ పాట కోసమే ఇవాళ ధైర్యం చేశారు."

పక్కనుంచి వింటున్న అమ్మాయి తలుపు తోసుకుని వీధిలోకి పరుగెత్తింది. ఇటు చూసింది, అటు చూసింది. ఎవరూ లేరు.

"ఒక్క ఉపకారం చెయ్యండి," అంటోంది ఫోన్లో ఆవిడ. "మా పాపకి పది నెలలు. పెద్దయ్యాక వినిపించుకుంటాం, ఆయన పాడినవన్నీ మాకోసారి పంపండి. పాత ఫోను పాటలతో సహా ఆసుపత్రిలో పోయింది, నంబరొక్కటే మిగిలింది. వాళ్ళ నాన్న గొంతు ఇప్పుడు మీ దగ్గర తప్ప ఇంకెక్కడా లేదండీ."