లేదని రాసివ్వండి

“ఆరు సిట్టింగులూ అయిపోయాయండీ. ఏడోది ఇన్సూరెన్సులో రాదు. రూలు మారింది,” అంది ఇన్సూరెన్సు ఆఫీసు కిటికీ వెనకున్న గుమస్తా.

రంగుల కొట్టు యజమాని చేతిలోని కార్డునీ, ఆమె మొహాన్నీ మార్చి మార్చి చూశాడు.

“నిరుడు ఇరవై ఇచ్చేవారు కదమ్మా?”

“నిరుటి సంగతి నిరుడే.”

బస్సు బోల్తా పడిన రోజు నుంచి అతని కూతురు ఎనిమిది నెలలు గడప దాటలేదు. డాక్టరమ్మ వీడియోలో కౌన్సెలింగ్ మొదలుపెట్టాక, నాలుగో సిట్టింగుకి వరండాలోకి వచ్చింది. ఆరోదానికి గేటు పట్టుకుని నిలబడింది.

ఇక్కడ ఆపేస్తే పిల్ల మళ్లీ గదిలోకే పోతుందని డాక్టరమ్మ ముందే చెప్పింది. సొంతంగా ఫీజు కట్టాలంటే కొట్టులో అలమరలు ఖాళీ కావలసిందే.

తెగని బేరం దగ్గర నిలబడటం అతనికి అలవాటు లేదు. వెనక్కి తిరిగాడు.

“ఆగండి. లేదని రాసివ్వమనండి.”

వరసలో ఉన్న ఒక పెద్దాయన. చంకలో ఫైలు. ప్రతి బుధవారం ఇదే తంతు. ఎవరికి లేదన్నా సరే, ముందుకొచ్చి అది రాసివ్వమని పేచీ పెడతాడు. క్యూ అంగుళం కదలదు. అందరూ కలిసి ఆయనకి కాగితం తాతయ్య అని పేరు పెట్టారు. ఆయన పుణ్యమా అని కొట్టాయన ఇప్పటికే రెండుసార్లు ఆలస్యంగా షట్టరు ఎత్తాడు.

“పెద్దాయనా, మీకు పొద్దుపోదేమో, నాకు కొట్టుంది. లేదన్నదాన్ని రాయించుకుంటే ఏమొస్తుంది?”

“నోటితో లేదంటే మీరు వెళ్లిపోతారు. వెళ్లిపోతే, మీకు ఆరే సరిపోయాయని పైవాళ్లు అనుకుంటారు. రాసిచ్చారా, ఆ కాగితాన్ని నెలలోపు వాళ్లు చూసి తీరాలి. అదీ రూలే.”

“అందరికీ రాస్తూ కూచుంటే నా పెన్నులో ఇంకు మిగలదు తాతగారూ,” అంది గుమస్తా.

ఆయన జేబులోంచి కొత్త పెన్ను తీసి కిటికీలో పెట్టాడు.

వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. కొట్టాయనకి మాత్రం నవ్వు రాలేదు. డబ్బా కారుతోందని రాసి పంపితే తప్ప కంపెనీ ఏ డబ్బానీ వెనక్కి తీసుకోదు. ఇరవై ఏళ్లుగా అలాగే రాసి పంపుతున్నాడు. కొట్టులో తెలిసిన సంగతి ఇక్కడ ఎందుకు తట్టలేదో.

“రాసివ్వమ్మా,” అన్నాడు.

ముద్ర పడిన కాగితం చేతికొచ్చింది.

“కింద మీరూ రాయండి,” అన్నాడు పెద్దాయన. “జాలి మాటలొద్దు. అమ్మాయి ఎందాకా వచ్చింది, ఎక్కడ ఆగింది, అంతే.”

‘గేటు దాకా వచ్చింది’ అని రాసిచ్చాడు. అయినా కొట్టుకి ఆలస్యమైందన్న కోపం దిగలేదు.

“మీ పని కోసం మా అందరి పొద్దూ తినేస్తున్నారు. కానివ్వండి,” అనేసి కదిలాడు.

పెద్దాయన అప్పటికే వరస వైపు తిరిగాడు. వెనకున్న మనిషి కార్డు అందుకుని చదవసాగాడు.

ఇరవై రోజులకి జవాబు వచ్చింది. ఇంకో నాలుగు సిట్టింగులు ఇచ్చారు. మూడో నెలకి ఏకంగా రూలే మారింది. ఎన్ని కావాలో ఇకపై డాక్టరే తేలుస్తారు. ఆ ఒక్క కిటికీ నుంచే నాలుగు వందల కాగితాలు పైకి వెళ్లాయట.

ఆ బుధవారం కొట్టాయన ఒంటరిగా రాలేదు. కూతురు పక్కనే నడిచొచ్చింది. దారిలో రెండుసార్లు ఆగింది. ఆటో పిలవనా అంటే వద్దంది.

“ఆయన ఏరి నాన్నా? నేనే థాంక్స్ చెబుతాను.”

అతను వరసంతా కలియజూశాడు. తనకూ ఆయనతో చెప్పుకోవలసిన మాట ఒకటుంది.

“కాగితం తాతయ్య రాలేదా అమ్మా?” అని గుమస్తాని అడిగాడు.

“ఇక రారండీ. పనైపోయిందని చెప్పి వెళ్లారు. ఎక్కడుంటారో నాకూ తెలీదు.”

“పోన్లే, వాళ్లింట్లోవాళ్లకీ సిట్టింగులు వచ్చినట్టేగా. ఎవరికట బాగాలేనిది?”

“ఎవరికీ కాదు. ఆయనకి మన దగ్గర కార్డే లేదు.”

“మరి ఆర్నెల్లు ఈ క్యూలో ఎందుకు నిలబడ్డాడు?”

గుమస్తా గొంతు తగ్గించింది. “మనిషికి ఆరు చాలని రాసిన రూలు కింద సంతకం ఆయనదేనండీ, రిటైరయ్యే రోజు పెట్టిన ఆఖరి సంతకమట.”