కంప్యూటర్ గది తాళం

స్కూలు యజమాని బంగార్రాజు ఫోను పెట్టేసి ఏడో తరగతిలోకి పరిగెత్తాడు. కంప్యూటర్ మాస్టారు మణిశంకర్ నల్లబల్ల మీద కీబోర్డు బొమ్మ గీసి పాఠం చెబుతున్నాడు.

“మాస్టారూ, బయటికి రండి. కంప్యూటర్ గది తాళం తియ్యండి. మా బావమరిది రామచంద్రపురం నుంచి ఫోను. నల్లకోటాయన ఒకడు కోర్టు కాగితం పట్టుకుని మన స్కూలుకి దారి అడిగాడంట. కంప్యూటర్ల సంగతి కూడా అడిగాడంట.”

మణిశంకర్ చేతిలోంచి సుద్దముక్క జారిపోయింది. ఆరు కంప్యూటర్లలోనూ వేసింది ఒక్కటే సాఫ్ట్‌వేర్ సీడీ. అదీ దొంగ కాపీ. అలాంటివి వాడినందుకు ఎక్కడో కాలేజీ వాళ్లని పట్టుకున్నారని కిందటి వారమే పేపర్లో చదివాడు.

“చెరిపెయ్యలేరా?”

“ఆరింటికీ పూట పడుతుందండి.”

“పూటా? ఈపాటికి కాలవ లాకులు దాటేసుంటాడండీ! పట్టుకుంటే ఏం చేస్తారు?”

“మూడేళ్లు జైలంటండి.”

“ఎవరికి? మీకా, నాకా?”

“స్కూలు మీ పేరు మీదే ఉంది కదండీ.”

“అయితే మొయ్యండి, వెనక షెడ్డులోకి!” అన్నాడు బంగార్రాజు.

స్కూలు వెనక షెడ్డులో కాయలు ఒలిచిన కొబ్బరి డొక్కలు నిలువెత్తున పోసి ఉన్నాయి. ఆయా లోవమ్మ పారతో గుట్టలో గొయ్యి చేసింది. మణిశంకర్ కంప్యూటర్లని గోనెసంచుల్లో చుట్టి ఒక్కొక్కటే మోసుకొచ్చాడు.

“పిల్లోళ్లు ముట్టుకుంటే పాడైపోతాయని తలుపే తియ్యనిచ్చేవోరు కాదు. ఇప్పుడు డొక్కల్లో కప్పెట్టమంటన్నారు,” అంది లోవమ్మ.

“నోర్ముయ్ లోవమ్మా! అదిగో, ఆ వైరు కనబడతంది. కప్పు!” కసిరాడు బంగార్రాజు.

కారు వచ్చి ఆగింది. నల్లకోటాయన దిగి నమస్కారం పెట్టాడు.

“బంగార్రాజు గారు మీరేనాండీ? నేను అడ్వొకేటునండి. కోర్టువారు పంపించారు. మీ స్కూల్లో కంప్యూటర్లు...”

“కంప్యూటర్లా! మాకెక్కడివండీ?” బంగార్రాజు మాట పూర్తి కానివ్వలేదు. “పల్లెటూరి స్కూలు. సుద్దముక్కలకే వెతుక్కుంటున్నాం.”

“ఒక్కటీ లేదా?”

“మా అమ్మ తోడు, ఒక్కటీ లేదండి. గదులన్నీ చూసుకోండి.”

అడ్వొకేటు అన్ని గదులూ తిరిగాడు. కంప్యూటర్ గదిలో బల్లల మీద దుమ్ము. మధ్య మధ్య దుమ్ము లేని చదరాలు, ఆరు. బంగార్రాజు ముందుకొచ్చాడు. నవ్వుతూ కండువాతో బల్లలు తుడిచేశాడు. చెమట మాత్రం తుడుచుకోలేదు.

అడ్వొకేటు కాగితం మీద ఏదో రాసి ముందుకు తోశాడు.

“మా స్కూల్లో కంప్యూటర్లు లేవు, ఎప్పుడూ లేవు. అంతేకదండీ? చదువుకుని సంతకం పెట్టండి.”

బంగార్రాజు చదవకుండానే పెట్టాడు.

“స్కూలు సీలు కూడా వెయ్యమంటారాండీ?”

“వేస్తే ఇంకా మంచిది.”

వేశాడు. అప్పటికి గాని ఊపిరి ఆడలేదు.

“ఇంక కేసు తేలిపోయినట్టేనాండీ?”

“తేలిపోయిందండి,” అన్నాడు అడ్వొకేటు కాగితం మడిచి కోటు జేబులో పెట్టుకుంటూ. “కంప్యూటర్లే లేకుండా కంప్యూటర్ ఫీజు వసూలు చేస్తున్నారని పేరెంట్లు వేశారు. మీరే ఒప్పేసుకున్నారుగా!”