అమ్ముడుపోయిన నీడ

బయల్దేరేటప్పుడు అబెలీనో దగ్గరున్న సరుకు: ఇద్దరు తొక్కే సైకిలు, సంచి నిండా నీళ్ల సీసాలు, తన కొట్లోదే ఒక మేకపాల చీజ్ ముద్ద, వెనక సీటు మీద చూపులేని ముసలాయన. మధ్యాహ్నానికి నీళ్లు సగానికి దిగాయి, చీజ్ నూనె కక్కింది. ముసలాయన మాత్రం చెక్కుచెదరలేదు.

"ఆపావేం?" అన్నాడు ఎలాదియో వెనక నుంచి.

"ఎదురుగాలి, పెద్దాయనా."

"గాలి నాకూ తగులుతోందిలే. ముందు ఏం కనిపిస్తోంది?"

అబెలీనో తలెత్తాడు. అటకామా ఎడారిలో కనిపించడానికి ఏముంది? ఒక తారు రోడ్డు, దానికి రెండు పక్కలా కాలిన ఇటుక రంగు నేల.

కలామా నుంచి సముద్రం దాకా పోయి, ఒడ్డు వెంబడే దక్షిణానికి సాగే యాత్ర అది. చూపున్నవాళ్లు ముందు, లేనివాళ్లు వెనక. పొద్దున చీటీలు తీస్తే వీళ్లిద్దరూ జత పడ్డారు. షరతు ఒకటే: మొదటి రోజు చీకటి పడేలోగా మకాం చేరని జంటను వ్యానెక్కించి ఇంటికి పంపేస్తారు.

అబెలీనో ఓవయ్యే ఊరి సంతలో చీజ్ వ్యాపారి. కొట్టు బావమరిదికి అప్పగించి వస్తుంటే, "రేపటికల్లా మళ్లీ త్రాసు దగ్గరే ఉంటావులే" అని సంతంతా నవ్వింది. లాభం చూసుకోకుండా అతను తలపెట్టిన మొదటి పని ఇది. ఇది కూడా చేతకాకపోతే ఇక త్రాసు తప్ప మరేదీ చేతకాదని తేలిపోతుంది. సముద్రం వైపు దారంతా దిగువే అన్నారు కదా అని ధైర్యం చేశాడు. మధ్యాహ్నం నుంచి ఆ సముద్రమే గాలిని ఎదురు తోలుతుందని పచ్చని లోయలో పుట్టినవాడికి ఎవరు చెబుతారు?

ముసలాయన కాళ్లు ఆగితే బండి కదలదు. అందుకని అబెలీనో తనకొచ్చిన విద్య బయటికి తీశాడు.

"అదిగో, యూకలిప్టస్ తోపు! ఆ నీడలో కూర్చుని తిందాం."

"తోపే! పెద్దదా?"

"గొర్రెల మందని తోలేయొచ్చు."

"అబ్బో. అయితే తొక్కు మరి."

తొక్కారు. తోపు రాలేదు.

"దారి మలుపు తిరిగింది పెద్దాయనా, తోపు పక్కకి పోయింది."

"పోనీలే. మీ ఓవయ్యేలో చెట్లు ఇలాగే తిరుగుతుంటాయా?"

ఎండలోనే నిలబడి రొట్టె నమిలారు. "ఇంతకీ మీరేం చేసేవారు?" అని అడిగాడు అబెలీనో.

"నేనా? జన్మంతా కూర్చునే తిన్నాను. నీ కబుర్లే చెప్పు, షావుకారూ."

కొంతదూరం పోయాక ఎలాదియో ఉన్నట్టుండి టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు. రోడ్డు పక్కన, ప్రమాదంలో పోయిన ఎవరికో కట్టిన చిన్న గూడు. దాని చుట్టూ దాహంతో పోయినవాళ్ల కోసం పెట్టిన నీళ్ల సీసాలు.

"మీకెలా తెలిసింది?"

"ముందు పోయిన లారీ హారన్ కొట్టిందిగా. గూడు లేనిచోట ఊరికే కొడతారా?"

చూపులేనివాళ్లకి ఒళ్లంతా చెవులే అనుకున్నాడు అబెలీనో. ఆ తరవాత ఒక పల్లం అమ్మాడు. అదీ రాలేదు. చివరికి పిక్కలు పట్టేసి, "మకాం డేరాలు కనిపిస్తున్నాయి" అని కూడా అనేశాడు.

అప్పుడే వెనక నుంచి వ్యాన్ వచ్చి ఆగింది. దాన్ని నడిపే యొవాంకా తల బయటికి పెట్టింది.

"ఎక్కండి ఇద్దరూ. మొహాలు వాడిన వంకాయల్లా ఉన్నాయి."

అబెలీనో సరేననడానికి నోరు తెరిచాడు.

"ఎక్కడమెందుకే అమ్మాయ్?" అన్నాడు ఎలాదియో. "డేరాలు కనిపిస్తుంటేనూ. ఇప్పుడే చెప్పాడు ఈయన."

యొవాంకా బోసి నేలని చూసింది. అబెలీనోని చూసింది. "అలాగా? ఏ రంగువి?"

అబెలీనో చూపు రోడ్డు మీదికి తిప్పుకున్నాడు. "పసుపువి."

"అయితే తొక్కండి."

వ్యాన్ వెళ్లిపోయింది. తన సరుకు తనకే చుట్టుకుంది. ఇప్పుడు ఆగితే అబద్ధం ఒప్పుకోవాలి. ఆ సిగ్గుకి తొక్కాడు. తిట్టుకుంటూ తొక్కాడు. కళ్లల్లో నీళ్లు గాలికే ఆరిపోయాయి.

"గేరు తగ్గించు," "ఇప్పుడు నీళ్లు తాగు," "ఇంక ఊపిరి దాచుకో," అంటూ వెనక నుంచి ముసలాయన చెబుతూనే ఉన్నాడు.

వెలుగు ఇంకా కొనవూపిరితో ఉండగానే పూటకూళ్ల ఇల్లు వచ్చింది. దాని పక్కనే మకాం. డేరాలు నీలం రంగువి. అబెలీనో బల్ల మీద కూలబడ్డాడు. ఎలాదియో మొహం కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లాడు. ఇంటి యజమానురాలు రెమీహియా వేడి పులుసు గిన్నెలు తెచ్చి పెట్టింది.

"ఇవాళ చాలా పాపం చేశానమ్మా," అన్నాడు అబెలీనో గొంతు తగ్గించి. "ఆ ముసలాయన కాళ్లు ఆగకుండా లేని తోపు అమ్మాను, లేని పల్లం అమ్మాను, డేరాలు కూడా అమ్మాను. పాపం, మారుమాట లేకుండా అన్నీ కొన్నాడు. ఆయనకి మిగిలింది ఒళ్లునొప్పులు, నాకు మిగిలింది రేపటి ప్రయాణం. లెక్క చూస్తే లాభమంతా నాదే."

రెమీహియా పెరటి వైపు చూసి నవ్వింది.

"చూపు పోయేదాకా ఆయన లారీ తోలింది ఈ దారిలోనే."