డాబా మీద మూరెడు జాగా

"సేటూ, డిష్ వైరుందా? ఎండకు పగలనిది కావాలె."

ఆ రోజు ఆదివారం, దోర్నపాల్ సంత. శ్రీరంగం ఎలక్ట్రికల్ దుకాణం అడవి పల్లెల జనంతో నిండిపోయింది. వాళ్ళ ఊళ్ళలో కరెంటు ఉన్నప్పుడు సిగ్నల్ ఉండదు, సిగ్నల్ ఉన్నప్పుడు కరెంటు ఉండదు. అందుకే సంతకొచ్చినప్పుడు ఇక్కడే ఫోన్లకు చార్జింగ్ పెట్టుకుని ఫోన్ పనులు చూసుకుంటారు.

వైరు అడిగినామె పేరు హిడ్మే. కిష్టారం రైతుల పిల్ల. జగదల్‌పూర్‌లో డిగ్రీ చదివి మళ్ళీ పొలానికే వచ్చింది.

"టీవీకా?" వైరు కొలుస్తూ అడిగాడు శ్రీరంగం.

"కాదు సేటూ, ఉపగ్రహాలు వినడానికి. స్కై లిజనర్స్ అని దేశదేశాలోళ్ళు కలిసి చేస్తరు. నేను అండ్ల మెంబర్ను."

శ్రీరంగం చేతిలోంచి వైరు జారిపోయింది.

కాలేజీ పిల్లలు బుల్లి ఉపగ్రహాలు తయారుచేసి పైకి పంపుతారు. అవి మన నెత్తిమీదుగా పోయే వేళకు యాంటెన్నా పెట్టి, వాటి సిగ్నల్ పట్టి, రికార్డు చేసి పంపాలి. ఆ బృందం పని అదే. జీతమూ లేదు, ఫీజూ లేదు. కానీ సభ్యత్వం అంత తేలిగ్గా రాదు. శ్రీరంగం ఇంకా శిక్షణలోనే ఉన్నాడు. ఇంటర్ తప్పి దుకాణంలో కూర్చున్న మనిషి. అంతరిక్షం పనిలో తన చెయ్యి కూడా ఉందనిపించుకోవాలని అతని ఆశ. బతుకులో ఇంకే ఆశా మిగల్లేదు.

తనకంటే ముందు ఈమె!

"మా ఊళ్ళ కరెంటు నిలుస్తలేదు. మీ డాబా మీద మూరెడు జాగా ఇస్తే యాంటెన్నా పెట్టుకుంట. మీకు గూడ నేర్పిస్త."

నేర్పిస్తుందట!

"డాబా ఖాళీ లేదు. ఇప్పపువ్వు ఆరబోసినం."

హిడ్మే తలూపి, ఫోన్ తీసుకుని వెళ్ళిపోయింది.

లోపలి నుంచి భార్య అన్నపూర్ణ వచ్చింది.

"ఇప్పపువ్వు ఏడిది? అంతా అమ్మి నెలైతుంది గదా!"

"నీకెందుకే?"

"మూరెడు జాగనే గదా అడిగింది. మీకేం కడుపుమంట?"

ఆవిడ ఏదో మాటవరసకు అంది. అది సరిగ్గా తగలాల్సిన చోటే తగిలింది.

శ్రీరంగం ఆ పూటే వేగాకు రాశాడు.

ఆ బృందంలో ఎవరూ అసలు పేర్లు వాడరు. తలా ఒక నక్షత్రం పేరు పెట్టుకుంటారు. ఊరు, దేశం అడగకూడదు. మనిషిని పనిని బట్టే చూడాలని వాళ్ళ పట్టింపు. శిక్షణలో శ్రీరంగానికి దొరికిన గురువు పేరు వేగా. ఎన్నిసార్లు అడిగినా విసుక్కోని గురువు. జవాబులు మాత్రం ఆదివారాలే వచ్చేవి. దొరలకు ఆదివారమే తీరిక కాబోలనుకున్నాడు శ్రీరంగం. మనసులో ఆయనకు తెల్లగడ్డం, కళ్ళజోడు కూడా తగిలించాడు.

వచ్చీరాని ఇంగ్లీషులో ఇలా రాశాడు.

"వేగా సార్, మా దోర్నపాల్ సంతకు కిష్టారం నుంచి ఒకామె వస్తుంది. మన సభ్యురాలినని చెప్పుకుంటుంది. ఆ ఊళ్ళో కరెంటే ఉండదు. ఆమె పంపే రికార్డులు ఆమెవి కావు, ఎవరివో. అయినా ఒకే ఆకాశం కింద రెండు కేంద్రాలెందుకు? నాకు కరెంటుంది, డాబా ఉంది."

రికార్డుల సంగతి అతనికేమీ తెలియదు. తెలియకపోయినా రాసేశాడు.

మళ్ళీ ఆదివారం జవాబు వచ్చింది.

"మీరు రాసినదాంట్లో ఒక మాట నిజం. ఒకే ఆకాశానికి రెండు కేంద్రాలు అక్కర్లేదు. మీ చెవి మంచిది, మీ శిక్షణ పూర్తయింది. ఆ ప్రాంతానికి మీ పేరే సిఫారసు చేశాను."

శ్రీరంగానికి కాళ్ళు నేలమీద ఆనలేదు. దుకాణంలో ఉన్నవాళ్ళందరికీ జిలేబీ తెప్పించాడు.

సంత ముగిసే వేళకు హిడ్మే వచ్చింది. గోనెపట్టాలో చుట్టిన యాంటెన్నా ఆమె భుజాన ఉంది.

"ఇది మీ దగ్గరుంచుకోండ్రి సేటూ. నాకు ఇంక పనిలేదు."

"ఏంది, తీసేసిండ్రా?" నవ్వు ఆపుకుంటూ అడిగాడు.

"లేదు. నేనే మానుకున్న. మంచిగ పనిచేస్తది, వానకు తడవనియ్యకుండ్రి."

ఊడబీకితే ఎవరైనా ఇలాగే అంటారనుకున్నాడు శ్రీరంగం. అయితే ఆమె ముఖంలో కోపం లేదు. అది చూసి అతనికి ఇంకా మండింది.

"జిలేబీ తింటవా?"

"వద్దు సేటూ. జీపు పోతది."

నెలాఖరున ఒక మధ్యాహ్నం బృందం సమావేశం. శ్రీరంగం ఇస్త్రీ చొక్కా వేసుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. పక్కనే అన్నపూర్ణ. తెరనిండా ఎన్నో దేశాల ముఖాలు. బృందం పెద్ద, నెరిసిన జుట్టావిడ, అతన్ని నక్షత్రం పేరుతో పిలిచి స్వాగతం చెప్పింది. శ్రీరంగం కళ్ళు చెమర్చాయి.

"ఈ రోజు ఒక వీడ్కోలు కూడా ఉంది. మన వేగా వెళ్ళిపోతున్నారు" అందావిడ.

శ్రీరంగం తెరకు దగ్గరగా జరిగాడు.

"వేగా సారా? ఎందుకు మేడమ్?"

"తన చోటు కొత్తవారికి ఇచ్చేయాలని పట్టుబట్టారు. ఆరేళ్ళుగా మాకు కుడిభుజం. ఎంత బతిమాలినా వినలేదు."

"ఒక్కసారి కలుపుతారా? దండం పెట్టుకోవాలి."

"ఈ రోజు రాలేకపోయారు. వెళ్ళేవాళ్ళ అసలు పేరు, ఊరు అందరి ముందూ చదివి చప్పట్లు కొట్టడం మన ఆనవాయితీ. అదైనా చేద్దాం."

అందరికంటే ముందు శ్రీరంగమే చేతులెత్తాడు.

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, నోరు తిరగని ఆ పేరును కూడబలుక్కుంటూ చదివింది.

"హిడ్మే... కిష్టారం."