పెట్టె దిగిన చప్పుడు

"మళ్ళీ వెనకబడింది," అన్నాడు చీఫ్ ఇంజనీరు.

తెర మీద క్రేను ఓ ఇనుప కంటైనరును లారీ మీదకి దించింది. పెట్టె లారీని తాకింది. చప్పుడు మాత్రం కాస్త ఆగి, తీరుబడిగా వచ్చింది.

పక్క కుర్చీలోని ప్రోగ్రామర్ అమ్మాయి తనకి సరిగ్గానే ఉందని నెమ్మదిగా చెప్పింది. అలా చెప్పడం ఎన్నోసారో ఆమెకే గుర్తులేదు. కంప్యూటరు గీసిన గీతలు కూడా తెరిచి చూపించింది. తాకిడి, చప్పుడు రెండూ ఒకే గీత మీద ఉన్నాయి.

"నువ్వు గీతలు చూస్తున్నావు. నేను వింటున్నాను," అన్నాడతను.

రేవులో క్రేను నడపడం నేర్చుకునేవాళ్ళ కోసం తయారవుతున్న సిమ్యులేటర్ అది. పైన క్యాబిన్లో కూర్చున్న మనిషికి కింద పెట్టె పూర్తిగా కనపడదు. చప్పుడే అతనికి ఆనవాలు. పెట్టె కుదురుగా కూర్చుందని చెవి చెప్పాకే పట్టు వదలాలి. ఆ చప్పుడు తప్పుగా అలవాటైతే, రేపు నిజం క్రేను కింద నిలబడ్డవాడి ప్రాణం మీదకి వస్తుంది. అందుకే అతను దాన్ని చూసీచూడనట్టు వదిలేయలేకపోయాడు.

సౌండు గదికి కిటికీల్లేవు. గోడలకి దిండ్లలాంటి మెత్తటి పలకలు. తలుపు మూస్తే బయట లోకం ఉందో లేదో కూడా తెలియదు. తలకి కుట్లు విప్పించుకుని సెలవు నుంచి తిరిగొచ్చిన రోజు నుంచీ అతను అందులోనే మగ్గుతున్నాడు. బండి మీంచి పడకముందు ఈ తేడా లేదు. తను లేనప్పుడు ఈ పిల్ల ఏదో కెలికింది, ఇప్పుడు ఒప్పుకోవడానికి మనసు రావడం లేదు. అతనికి తోచింది అదే. పైవాళ్ళు రోజూ ఫోను చేసి అయిందా అని అడిగేవారు తప్ప, వచ్చి చూసిన పాపాన పోలేదు.

ఇంటికెళ్ళినా ఆ గది వెంటే వచ్చేది. టీవీ పెడితే పెదాలది ఒక దారి, మాటలది ఒక దారి. డబ్బింగ్ వాళ్ళని నాలుగు తిట్టి కట్టేసేవాడు. భార్య ఏదైనా చెబుతుంటే తల దించుకుని వినేవాడు. నా మొహం చూడటం కూడా బరువైపోయిందా అని ఆవిడ ఒకసారి అడిగింది. చూస్తూ వింటే కళ్ళు తిరుగుతున్నాయని ఎలా చెప్పడం? నిద్ర చాలక, అనుకుని ఊరుకున్నాడు.

గడువు పీకల మీదకి వచ్చింది. చప్పుడును ముందుకి జరపమన్నాడు. అమ్మాయి జరిపింది. ఇంకా, ఇంకా అన్నాడు. చివరికి పెట్టె తాకడం, చప్పుడు రావడం ఒక్కటయ్యాయి. బిగుసుకుపోయిన అతని భుజాలు సడలాయి.

అమ్మాయి మాత్రం కీబోర్డు మీంచి చేతులు తీసేసింది.

"సార్, పెట్టె ఇంకా గాల్లో ఉండగానే మోగుతోంది. దీన్ని నేను పంపలేను."

"ఈ చెవులతోనే ఇన్నేళ్ళుగా అన్నం తింటున్నానమ్మా."

"మీ చెవుల్ని అనట్లేదు సార్. ఇంకెవరినైనా ఒక్కసారి పిలిచి చూపిద్దాం."

తన తప్పు కప్పిపుచ్చుకోవడానికి నలుగురిలో నన్ను చులకన చేయాలని చూస్తోంది అనుకున్నాడు. ఆ మాటే పైకి అనేశాడు. రేపటి నుంచి రానక్కర్లేదని కూడా అన్నాడు. ఆమె మెడలో కార్డు తీసి బల్ల మీద పెట్టి, సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. మిగిలిన పని అతనే పూర్తిచేసి, సిమ్యులేటర్‌ను రేవుకి పంపించేశాడు.

ఎండ ఉండగానే ఇల్లు చేరాడు. చెరసాల తలుపు తీసి వదిలినట్టుంది. గుమ్మం మెట్టు మీద కూర్చుని బూట్లు విప్పుకుంటూ, ఇంటి ముందు ఒక్కతే ఆడుకుంటున్న కూతుర్ని ఎన్నాళ్ళకో తీరిగ్గా చూశాడు.

పాప బంతిని నేలకేసి కొట్టింది. అది నేలను తాకి, పైకి లేచి, తిరిగి పాప అరచేతిలో పడ్డాక వినిపించింది అతనికి, బంతి నేలను తాకిన చప్పుడు.