తడి ముక్కల ఆవకాయ

పొద్దున్నుంచీ ఇది ఆరో ఫోను. "మేడమ్, మీ వంటల పాడ్‌కాస్ట్‌కి రేపటికల్లా లక్షమంది శ్రోతల్ని తెప్పిస్తాం," అంది తీయటి గొంతు. ఆ లక్షలో మనిషన్నవాడు ఒక్కడూ ఉండడని హైమవతికి తెలుసు. వద్దని చెప్పీ చెప్పీ ఆమె నోరు నొప్పెట్టింది.

ఇప్పుడు వినేవీ యంత్రాలే, మెచ్చుకునేవీ యంత్రాలే. అందుకే వారం వారం ఆమె కావాలనే ఒక తప్పు చెబుతుంది. మనిషైతే తిట్టక మానడు. ఈసారి మామిడి ముక్కలు కడిగి, తడిమీదే ఆవకాయ కలపమంది. నాలుగు వేల మెచ్చుకోళ్లు వచ్చిపడ్డాయి. ఇక పాడ్‌కాస్టే మానేద్దామనుకుంటుండగా ఓ పెద్దావిడ ఫోన్ చేసి విరుచుకుపడింది.

"బుద్ధుందా నీకు? తడి తగిలితే బూజు పట్టదుటే?"

"తప్పే పిన్నిగారూ, దిద్దుకుంటాను," అంటూ హైమవతి కళ్లు తుడుచుకుంది. "వచ్చే వారం కూడా తిట్టండి."